తొమ్మిదితో పోయే తేడా

"మేడమ్, మీరు లేవండి. నేను చేసేస్తా."

2012లో ఒక సోమవారం. గుడివాడ బ్రాంచిలో కౌంటరు ముందు జనం గుంపుగా ఉన్నారు. ఎరువుల సీజను. నా ముందున్న కంప్యూటరు ఏదో తప్పని ఎర్రక్షరాల్లో చెబుతోంది, ఏం తప్పో చెప్పడంలేదు. అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి పక్క సీట్లోంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి ఆ మాట అంది. దురుసుగా అనలేదు. నిజం చెప్పాలంటే మర్యాదగానే అంది. నేను లేచాను. అర నిమిషంలో పని అయిపోయింది. వరసలో నిలబడ్డ ఒక రైతు "కొత్తనీరొచ్చిందమ్మా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవమానం ఒక్కటే అయితే పట్టేదేమో. పన్నెండేళ్ళ కిందట అదే హాల్లో, దాదాపు అవే మాటలు నేను మరొకరితో అన్నాను. నేనంత మర్యాదగా కూడా అనలేదు.

బ్యాంకుల చరిత్రలు మనకు లేకపోలేదు. బందరులో పుట్టిపెరిగిన దాన్ని కనక వాటిలో మొదటి పేజీలు నాకు నోటికొచ్చు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యం వదిలి ప్రజాజీవితంలోకి రావడం, 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించడం, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆ నెల 28న బందరులో తలుపులు తీయడం, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, ఇవన్నీ మా ఊళ్ళో పిల్లలకు కథల్లా చెప్పేవారు. వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి రైతుని బయటికి లాగాలన్న జాతీయోద్యమ కాలపు ఆశ వాటి వెనక ఉంది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఆ తొలినాళ్ళ సిబ్బంది గ్రూపు ఫొటోలు, గోడలకు వేలాడేవి, నేను చూసినంతలో ఒక్కదాంట్లోనూ ఆడమనిషి లేదు. కోటు, కండువా, తలపాగా, మీసాలు. మొదటి వరసలో కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడ్డ కుర్రకారు. ఎవరు కూచోవాలి, ఎవరు నిలబడాలి అన్నది వయసే తేల్చేది. ఆ వరసలోకి ఆడవాళ్ళు ఎప్పుడు ఎలా వచ్చారు, వచ్చాక వాళ్ళలో వాళ్ళు పెద్దా చిన్నా తేడాలతో ఎలా కొట్టుకున్నారు అన్నది ఎవరూ రాసినట్టు లేదు. ఆడవాళ్ళు కలిసి పోరాడిన కథలు రాసుకున్నాం. మనలో మనం పోట్లాడుకున్నవి రాయడానికి చెయ్యి రాదు. నాకూ రావడంలేదు.

నేను 1981లో పరీక్ష రాసి గుమాస్తాగా చేరాను. బ్యాంకు పేరు ఇక్కడ అవసరం లేదు. 1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరో ఆరు జాతీయమయ్యాక పల్లెపల్లెకీ బ్రాంచీలు పెడుతున్న రోజులవి. పోటీపరీక్ష కనక సిఫార్సు లేని ఇళ్ళ ఆడపిల్లలు కూడా ఆ దారిన వచ్చారు. బందరు ప్యాసింజరులో పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుకుంటూ రోజూ గుడివాడ వెళ్ళొచ్చేదాన్ని. పెడనలో ఎక్కే అద్దకం పనివాళ్ళ చేతులు గోళ్ళ దాకా ఎర్రగా ఉండేవి. నా వేళ్ళు సాయంత్రానికి సిరాతో నీలంగా ఉండేవి. ఎవరి పని వాళ్ళ చేతులకు అంటుకునే కాలం.

బ్రాంచిలో నాకంటే ముందు ఒకే ఒక ఆడమనిషి ఉండేది. అందరూ అక్కయ్యగారు అనేవాళ్ళు. 1944లో పుట్టింది. 1966లో, జాతీయం కాకముందే, తండ్రి తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే వచ్చిన ఉద్యోగం. పెళ్ళయితే ఆడది ఉద్యోగం మానుకోవాలన్న నిబంధనలు చాలా కంపెనీల్లో అప్పుడు మామూలు. బొంబాయిలో ఒక మందుల కంపెనీ పెట్టిన అలాంటి నిబంధనను 1965లోనే సుప్రీంకోర్టు చెల్లదంది గానీ ఆ కబురు గుడివాడ దాకా వచ్చిందా? అక్కయ్యగారి పెళ్ళి కుదిరినప్పుడు మేనేజరు "ఇంక ఎప్పటిదాకా ఉంటావమ్మా" అని అడిగాడట. "మీరు రిటైరయ్యాక ఇంకో ఇరవయ్యేళ్ళండి" అందిట. ఉంది కూడా.

ఆమె నాకు పని నేర్పింది. నేర్పడమంటే ఒళ్ళో కూచోబెట్టుకుని కాదు. మొదటి నెలంతా నా లెడ్జరు పేజీల మీద పెన్సిలుతో సున్నాలు చుట్టడమే. తప్పెక్కడో చెప్పేది కాదు. "వెతుక్కో అమ్మాయ్" అనేది. రోజు చివర పద్దులు కలవకపోతే ఇంటికెళ్ళే ప్రశ్న లేదు. అప్పుడు ఆమె దగ్గరున్న విద్య బయటికొచ్చేది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎవరో అంకెలు తారుమారు చేశారన్నమాట, 54 బదులు 45 రాశారు. తేడాని సగం చేస్తే ఆ మొత్తం వోచరొకటి కనిపించిందా, జమ కావలసింది ఖర్చులో పడింది. ఇవేమీ పుస్తకాల్లో లేవని కాదు. ఆమె కాగితం చూడకుండా, మొత్తం వినగానే చెప్పేసేది. "ఇరవై ఏడు రూపాయలా? తొమ్మిదితో పోయింది. కరెంటు ఖాతాలు చూడండి, ఆ అబ్బాయికి మూడూ ఆరూ ఒకటే" అనేది. ఆ అబ్బాయికి యాభైరెండేళ్ళు.

సేవింగ్సు ఖాతాల వడ్డీ అప్పట్లో నెలలో పదో తారీఖు నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిలవ మీద కట్టేవారు. జూన్, డిసెంబరుల్లో వేల ఖాతాలకు చేత్తో లెక్కలు. 1988 దాకా ఏడాది లెక్కలు డిసెంబరు 31కే ముగించేవాళ్ళం. ఆ రాత్రి పదకొండింటికి ఊరంతా కొత్త సంవత్సరం కేకలేస్తుంటే మేము బొగ్గుకాగితాల మధ్య ఉండేవాళ్ళం. మగవాళ్ళు అక్కడే బల్లల మీద పడుకునేవాళ్ళు. మమ్మల్ని ఇంటికి దింపేదెవరు? జీపు అడిగి సాధించింది అక్కయ్యగారే. ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి కూడా ఆమె అడిగిందే. సంఘం మీటింగులో లేచి ఆ మాట అన్నప్పుడు నవ్వులు వినిపించాయని, నవ్విన వాళ్ళ పేర్లు తనకు ఇప్పటికీ గుర్తని చెప్పేది. ఆ తలుపుకి గడియ నేను చేరిన తర్వాత పడింది. ఈ సంగతి నాకు తెలిసేటప్పటికి ఆ గడియ వాడుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆమె అనుభవంలో ఒక భాగం గురించి మాత్రం జోకులేసేది కాదు. 1977లో ఆమె అవనిగడ్డలో పనిచేసింది. నవంబరు 19 తుపాను రాత్రి బందరులో పుట్టింటి దగ్గర ఉంది కాబట్టి బతికింది. దారి తెరుచుకున్నాక మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడక్టు మీదుగా వెళ్ళి చూస్తే బ్రాంచిలో లెడ్జర్లు నీళ్ళు తాగి దిళ్ళలా ఉబ్బి ఉన్నాయట. పేజీ పేజీ విడదీసి ఎండలో ఆరబెట్టారు. గాలికి ఎగరకుండా ఇటుకరాళ్ళు పెట్టారు. ఉప్పునీటికి సిరా కారిపోయిన చోట, ఆ ఖాతా ఎవరిదో, ఎంత నిలవుందో గుర్తుచేసుకుని వోచర్లతో సరిచూసి రాశారు. దివిసీమలో పదివేలమందికి పైగా పోయారని లెక్క. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే లేవు. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాసుకునే సదుపాయం చట్టంలోకి వచ్చింది 1983 సవరణతో, నిబంధనలొచ్చింది 1985లో. 1977లో చనిపోయిన మనిషి డబ్బు కావాలంటే వారసుడినని రుజువు చూపాలి. రుజువులన్నీ సముద్రంలోకి పోయాయి. భర్త పేరున రెండొందలో మూడొందలో ఉన్న ఆడవాళ్ళు, పాస్‌బుక్కు లేదు, మరణ ధ్రువపత్రం లేదు, శవమే దొరకలేదు, రోజూ వచ్చి ఆమె బల్ల ముందు కూచునేవారట. "వేలిముద్ర చూసి చెప్పగలిగేదాన్నే ఎవరో. నా మాట మీద ఎవడిస్తాడు?" అనేది. మేనేజరు సంతకం పెట్టనన్న కాగితాలు పట్టుకుని ఆమె సర్పంచి దగ్గరికీ తాసీల్దారు దగ్గరికీ తిరిగింది. ఎన్నిటికి డబ్బులిప్పించిందో చెప్పలేదు. ఇప్పించలేకపోయినవి మాత్రం ఒక్కొక్కటే చెప్పేది.

ఇంత చెప్పాక ఆమెను దేవతను చేస్తున్నాననుకోకండి. చాలా కష్టమైన మనిషి. నేను నిండు నెలలతో ఉండి కుర్చీ అడిగితే "మేము నిలబడి చెయ్యలేదూ" అంది. తను పడ్డ కష్టం తర్వాతవాళ్ళు పడకపోతే అది వృథా అయిపోయినట్టు బాధపడేది. కొత్తగా వచ్చిన వాళ్ళ చీరల గురించి, వాళ్ళ నవ్వుల గురించి, మగ సహోద్యోగులతో టీకి వెళ్ళడం గురించి, చెవులు కొరికేవాళ్ళలో ముందుండేది. మంచి పేరు మీదే తన ఉద్యోగమంతా నిలబడిందని ఆమె నమ్మకం. మాకు పేరు అక్కరలేదు, జీతం కావాలి. మా ఇద్దరి మధ్యా మొదటి దూరం అక్కడ వచ్చింది.

రెండో దూరం యంత్రాలతో వచ్చింది. బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద యాజమాన్యాలకూ సంఘాలకూ మొదటి ఒప్పందం 1983 సెప్టెంబరు 8న జరిగింది. ఎన్ని యంత్రాలు, ఎంత పెద్ద బ్రాంచీల్లో, ఏ పనులకు అని గీతలు గీసుకున్న ఒప్పందమది. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక, 1987లో మరో ఒప్పందం, 1989లో ఆ కమిటీదే రెండో నివేదిక. ఒక్కోసారీ గీత కాస్త జరిగింది. ఉద్యోగాలు పోతాయన్న భయం ఉత్తిది కాదు. కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు అరవైల్లోనే కంప్యూటరు కార్యాలయంలోకి రాకుండా రాత్రింబవళ్ళు కాపలా కాశారు. అక్కయ్యగారికి ఆ కథ వచ్చు. "మనుషుల్ని తీసెయ్యరు, కానీ మళ్ళీ తీసుకోరు, చూస్తూండు" అంది మా బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మిషను వచ్చిన రోజున. మేము ముగ్గురం చిన్నవాళ్ళం ముఖాలు చూసుకుని నవ్వాం.

ఆ మిషను మీద కూచున్నవాళ్ళకు నెలకింతని ప్రత్యేక అలవెన్సు ఉండేది. నేను శిక్షణకు పేరిచ్చాను. ఎందుకిచ్చానో దాచుకోవాల్సింది లేదు. అలవెన్సు కావాలి, చల్లగా ఉండే గది కావాలి. వాటన్నిటికంటే, నా పేజీల మీద పెన్సిలు సున్నాలు చుట్టేవాళ్ళు లేని చోటు కావాలి. మిషను తేడా రానివ్వదు. తేడా రానిచోట తేడా వెతికే మనిషికి పనేముంది? ఆమె అధికారం ఎక్కడుందో సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది, నేను అది చూసి సంతోషించాను. మా మేనేజరు, మా ఇద్దరికంటే తెలివైనవాడు, రోజూ అందరి ముందూ "మీ పిల్లే నయమండీ, అరగంటలో ముగించింది" అని అక్కయ్యగారితో అనేవాడు. మా ఇద్దరి మధ్య వయసు గొడవ ఒకటుందని అతనికి తెలుసు. అది ఉన్నంతకాలం, ముగ్గురి పని ఇద్దరితో ఎందుకు చేయిస్తున్నావని అడిగేవాళ్ళుండరనీ తెలుసు.

ఆమె చెప్పినంతా అయింది. తొంభైల్లో గుమాస్తాల భర్తీ దాదాపు నిలిచిపోయింది. మాకు కింద ఎవరూ రాలేదు. పది పన్నెండేళ్ళు నేనే బ్రాంచిలో "చిన్నమ్మాయిని", నలభై దాటినా సరే. ఆఫీసుల్లో తరాల గొడవ గురించి ఎవరు మాట్లాడినా నాకు ఈ ఖాళీయే గుర్తొస్తుంది. ఇంట్లో అయితే పిన్నులు, అక్కలు, వదినలు మధ్యలో ఉండి ఒకరి మాట మరొకరికి మోస్తారు, మెత్తబరుస్తారు. మా దగ్గర ఆ మధ్యవాళ్ళు లేరు. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్య ఇరవై ముప్పయ్యేళ్ళ గొయ్యి. తవ్వింది విధానం. తప్పు మాత్రం ముసలివాళ్ళ మొండితనం మీదో, కుర్రవాళ్ళ పొగరు మీదో పడింది.

మూడింట రెండొంతులకు పైగా వ్యాపారం 2001 జనవరి 1 నాటికి కంప్యూటర్ల మీదికి రావాలని కేంద్ర విజిలెన్సు కమిషను ఆదేశం, డెబ్భై శాతం అని లెక్క. సరిగ్గా ఆ గడువు ముందు, 2000 చివర్లో, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం. నలభయ్యేళ్ళ వయసు గాని పదిహేనేళ్ళ సర్వీసు గాని ఉంటే చాలు. చేసిన ఏడాదికి అరవై రోజుల జీతం చొప్పున, లేదా మిగిలిన నెలల జీతం, రెంటిలో ఏది తక్కువైతే అది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో లక్షమందికి పైగా వెళ్ళిపోయారు.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్కయ్యగారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె అలా నిలబడ్డం నేను ఎప్పుడూ చూడలేదు. "రోజూ ఓ పావుగంట చూపిస్తావా ఇది? నాలుగేళ్ళే కదా, గట్టెక్కేస్తాను" అంది. నా ముందు జనం ఉన్నారు. వెనకనుంచి మేనేజరు చూస్తున్నాడు. "మీ వల్ల కాదులెండి అక్కయ్యగారూ, ఎందుకొచ్చిన బాధ, హాయిగా డబ్బు తీసుకుని ఇంట్లో కూచోక" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆమె కూడా నవ్వింది. వారం తర్వాత దరఖాస్తు పెట్టింది.

నా మాట వల్లే వెళ్ళిపోయిందని చాలాకాలం అనుకున్నాను. ఆ అపరాధభావంలో కూడా కొంచెం గర్వముందేమో! తర్వాత తెలిసింది, ఇంట్లో కొడుకు అమెరికా ప్రయాణానికి డబ్బు కావాలి. ఒకేసారి చేతికొచ్చే మొత్తం మీద ఇంటిల్లిపాదీ కళ్ళు పడ్డాయి. మా ప్రాంతంలో ఆ పథకం తీసుకున్న ఆడవాళ్ళలో నాకు తెలిసిన అయిదుగురివీ ఇలాంటి కథలే. కూతురి కట్నం, భర్త చేపల చెరువు, బెజవాడలో అపార్టుమెంటు. ఏ ఒక్కరూ "నాకు విశ్రాంతి కావాలి" అని వెళ్ళలేదు. స్వచ్ఛందం అన్న మాటలో ఎవరి ఛందమో ఎవరూ అడగలేదు. అయినా, ఆ పావుగంట నేను ఇచ్చి ఉంటే ఆమెకు ఇంట్లో వాదించడానికి ఒక్క మాటైనా దొరికేది. "నాకు పని వచ్చు" అనే మాట. అది నేను తీసేశాను.

ఇక ఆ గుడివాడ అమ్మాయి సంగతి. ఊరు కోడూరు దగ్గర. తల్లి వరినాట్లకు వెళ్ళేది. దళిత కుటుంబం, ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. బ్యాంకులన్నిటికీ కలిపి ఒకే పరీక్ష 2011లో మొదలైంది, ఆ మొదటి విడతలో వచ్చింది. తెలివైనది, మాట కరుకు. మా మధ్యాహ్నం బల్ల దగ్గర మా వయసు ఆడవాళ్ళం నలుగురం డబ్బాలు విప్పి కూరలు మార్చుకునేవాళ్ళం. ఆ పిల్ల మూడు నెలలు తన సీట్లోనే కూచుని తింది. ఈకాలం పిల్లలు కలవరని మేము చెప్పుకున్నాం. ఒక్కరమైనా రమ్మని పిలిచామా? పిలవలేదు. దాన్ని తరాల తేడా అనుకోవడం మాకు సుఖంగా ఉంది. అక్కయ్యగారు నాకు ఆ బల్ల దగ్గర మొదటిరోజే చోటిచ్చింది, ఏ కులమో పేరు చివరే తెలుస్తోంది కనక. ఇది కూడా రాయాలి.

మా అసలు పోట్లాట 2013లో, ఒక సమ్మె ముందురోజు. సమ్మెకు రానంది. జీతం కోత పడుతుంది, ఇంటికి పంపాలి అంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. జీపు, మరుగుదొడ్డి, ప్రసూతి సెలవు. నాకు మూడు నెలలే ఇచ్చారు, నీకు ఆరు, ఎవరు తెచ్చారనుకున్నావు? ఆడపిల్ల నెలసరి వివరాలు దరఖాస్తులో రాయమని జీవిత బీమా సంస్థ అడిగితే నీరా మాథుర్ అనే ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1991లో ఆ ప్రశ్నలు తీయించింది, తెలుసా? ఆ పిల్ల అంతా విని "మీకు పింఛనుందా మేడమ్?" అంది. ఉందన్నాను. "నాకెందుకు లేదు?"

నా దగ్గర జవాబుంది. అందుకే మాట్లాడలేకపోయాను. బ్యాంకు ఉద్యోగుల పింఛను ఒప్పందం 1993 అక్టోబరు 29న జరిగింది, చిత్రంగా కంప్యూటర్ల మూడో ఒప్పందమూ ఆ రోజే. 1995లో నిబంధనలొచ్చాక అప్పటికే ఉన్నవాళ్ళు పింఛనో, పి.ఎఫ్.లో బ్యాంకు వాటాయో ఒకటి కోరుకోవాలి. లక్షలమంది పి.ఎఫ్. కోరుకుని తర్వాత చింతించారు. వాళ్ళకు ఇంకో అవకాశం ఇవ్వాలని పదిహేనేళ్ళ ఆందోళన. 2010 ఏప్రిల్ 27న అది ఫలించింది, మేమంతా స్వీట్లు పంచుకున్నాం. అదే రోజున, ఆ ఏడాది ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని చేరేవాళ్ళకు పాత పింఛను ఉండదు, జీతంలో కోసి మార్కెట్లో పెట్టే కొత్త పద్ధతే అన్నదానికీ ఒప్పుకున్నారు. ఒక తలుపు మాకు తెరిచి, అదే చేత్తో వెనకవాళ్ళకు మూశారు. ఆ వెనకవాళ్ళు ఇంకా చేరలేదు. సమావేశాల్లో లేరు, ఓటు లేదు, ఎక్కడో కోడూరులో డిగ్రీ చదువుకుంటున్నారు. పుట్టనివాళ్ళ వాటా పంచుకున్నట్టు. స్వీటు తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 1995లో పి.ఎఫ్. కోరుకున్న మందలో నేనూ ఒకదాన్ని మరి.

"మీరు సాధించినవన్నీ మీతోనే అయిపోయాయి మేడమ్" అంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు. జీతాల ఒప్పందాలు ఆమెకూ వర్తిస్తాయి, గడియ ఉన్న తలుపూ ఆమెకు ఉంది. కానీ ఆ రోజు దాన్ని వాదించే ముఖం నాకు లేకపోయింది. సాయంత్రం ఆరున్నరకు నేను రైలుకు బయల్దేరాను. ఆ పిల్ల ఎనిమిది దాకా ఉంటుంది. బీమా పాలసీలు ఇన్ని అమ్మాలి, ఖాతాలు ఇన్ని తెరవాలి అని ఫోనులో లెక్కలడిగే తరం అది. మా కాలంలో పద్దు కలిస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు. వాళ్ళ పద్దు ఎప్పటికీ కలవదు.

2016 నవంబరు 8 తర్వాత యాభై రోజులు మాత్రం ఇద్దరం పక్కపక్కనే క్యాషులో కూచున్నాం. నోట్లు లెక్కపెట్టే మిషను మూడోరోజున మొరాయించింది. చేత్తో వందకాగితాల కట్టలు లెక్కపెట్టడం, తడిమి దొంగనోటు పట్టడం ఆ పిల్లకు నేర్పాను. చిలకలపూడి కవరింగు గొలుసుకీ అసలు గొలుసుకీ తేడా మా అప్రైజరు గీటురాయి మీద చూసేవాడు, నోటుకి వేలే గీటురాయి అని చెప్పాను. ఒకరోజు రాత్రి పద్దెనిమిది వేలు తేడా. క్యాషులో తేడా వస్తే జేబులోంచి కట్టాలి. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "తొమ్మిదితో పోతుంది, ఏడవకు" అన్నాను. 42,000 తీసుకున్నచోట 24,000 కొట్టింది. పది నిమిషాల్లో దొరికింది. "ఇదెవరు చెప్పారు మేడమ్ మీకు?" అంది.

అప్పుడు చెప్పాను అక్కయ్యగారి గురించి. అంతా చెప్పాను, పావుగంట సంగతితో సహా.

2018లో రిటైరయ్యాను. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, నేను అందులో పనిచేయకపోయినా, బందరులో బోర్డు మారుస్తుంటే రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. అక్కయ్యగారికి ఎనభై దాటాయి. బందరులోనే ఉంది, కొడుకు అక్కడే స్థిరపడ్డాడు, ఒక్కర్తే. క్షమించమని అడుగుదామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆమె అందనివ్వలేదు. "ఆ మాట అన్నావా? నాకు గుర్తులేదే" అంది. ఇటుకరాళ్ళు పెట్టిన లెడ్జరు పేజీలు గుర్తున్న మనిషికి ఇది గుర్తులేదంటే నేను నమ్మను. బిడ్డని ఎత్తుకున్నట్టు ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, పింఛను పడిందో లేదో తనే చూసుకుంటోంది. ఎవరు నేర్పారని అడిగితే పక్కింటి పనమ్మాయి అంది.

పోయిన నెలలో ఆ గుడివాడ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆఫీసరు, వేరే జిల్లాలో ఉంది. పాత పింఛను కోసం కొత్తవాళ్ళు కలిసి ఏదో రాస్తున్నారట. "మీ దగ్గర ఆ 2010 కాగితాలు ఉంటాయా? మీ ఆప్షను ఫారాలు? ఎవరూ ఇవ్వడంలేదు మేడమ్" అంది. ఇనప్పెట్టెలో వెతికాను. 1995దీ 2010దీ రెండూ దొరికాయి. ఫొటోలు తీసి పంపాను. కాసేపటికి మళ్ళీ ఫోన్.

"మేడమ్, తొంభై అయిదు దాంట్లో సంతకం మీదే. కానీ పి.ఎఫ్. అని టిక్కు పెట్టి, కింద కారణం రాసిన చెయ్యి మీది కాదు కదా?"

కాదు. అది మా ఆయన దస్తూరి.

"మరి రెండు వేల పదిలోది?"

"అది నేనే నింపాను" అన్నాను.

"సరే. ఆ రెండూ వాడుకోవచ్చా?"

వాడుకోమన్నాను.